అప్ప ఉతికిన కోట్లు

మొన్న మద్దిలపాలెం డిపో ఎదురుగా బస్సు కోసం నిలబడి ఉంటే, రోడ్డు ఊడుస్తున్న మనిషి చీపురుతో నా చెప్పుని తట్టి "కాలు తియ్యండి సార్" అంది. తీశాను. తెల్లారీ తెల్లారని వేళ. చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా, దాని మీద నారింజ రంగు కోటు. మలుపు తిరిగిన సిటీ బస్సు లైటు పడగానే ఆ కోటు మీది బూడిదరంగు పట్టీలు భగ్గున వెలిగాయి. కొత్త కోటు. ఇంకా ఒక్కసారి కూడా ఉతికి ఉండరు.

"బ్రష్షు పెట్టి ఉతక్కమ్మా" అన్నాను.

ఆవిడ నన్ను చూసి, తన చీపుర్ని చూసుకుంది. "ఏటి సార్?"

"ఏం లేదు" అని, ఎదురుగా ఆగిన బస్సు ఎక్కేశాను. అది నా బస్సు కాదు. రుషికొండ దాకా వెళ్లి మళ్లీ వెనక్కి రావాల్సి వచ్చింది. దారి పొడుగునా అప్పే గుర్తుకొచ్చింది అని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి ఏమీ గుర్తుకు రాలేదు. కిటికీలోంచి సముద్రం కనిపించింది. చూశాను. కండక్టరు టిక్కెట్టు అడిగాడు. తీసుకున్నాను. ఇంటికొచ్చి అన్నం తిన్నాక, ఇదిగో, రాస్తున్నాను.

అప్ప పేరు హాజరు పుస్తకంలో ఉండేది. రాసేది నేనే. కానీ ఆ పేరుతో ఆవిణ్ణి ఎవరూ పిలవగా వినలేదు కాబట్టి ఇక్కడా రాయను. ఈ వైపు అప్ప అంటే అక్క. మా కాకినాడ వైపు ఆ మాట ఒంటరిగా తిరగదు. అప్పడంలోనో అప్పచ్చిలోనో ఉంటుంది. అందుకని మొదట్లో అప్పా అని పిలిచినప్పుడల్లా నాకు ఆకలేసేది.

పోర్టులో బొగ్గు యార్డు మా పనిచోటు. ఓడల్లోంచి దిగిన బొగ్గు అక్కడ కొండలుగా పోసి ఉంటుంది. కొండల మధ్య డంపర్లు తిరుగుతుంటాయి. డంపర్లు ఒలకబోసిన బొగ్గుని ఊడ్చి కుప్పచెయ్యడానికి పద్నాలుగు మంది గేంగు. వాళ్లలో అందరికన్నా పెద్దది అప్ప. కార్డులో ఆవిడ వయసు ఏభై రెండు దగ్గర ఆగి, కదలనని మొరాయించింది. అసలు వయసు ఎంతని అడిగితే, "ఎంతైతే పని ఒగ్గీమంటావో అంతకి ఒకటి తక్కువ" అనేది.

నేను ఆ కాంట్రాక్టరు దగ్గర సేఫ్టీ అసిస్టెంటుని. 'భద్రత మన బాధ్యత' అని నా కుర్చీ వెనక గోడ మీద పెద్దక్షరాలతో ఉండేది. నా ఉద్యోగానికి మాత్రం భద్రత లేదు, దానికి ఎవరి బాధ్యతా లేదు. హెల్మెట్టు పెట్టుకుంటే తలనొప్పి, పెట్టుకోకపోతే మేనేజరు నొప్పి. ఇన్నేళ్ల సర్వీసులో నా చేతులతో నేను కాపాడింది ఏమైనా ఉందంటే, కాకుల నుంచి నా క్యారేజీ.

షిఫ్టు మొదట్లో గేంగుని వరసగా నిలబెట్టి జాగ్రత్తలు చెప్పడం నా పని. మెరిసే పట్టీల కోట్లు మొట్టమొదటిసారి వచ్చిన రోజున, కంపెనీ కాగితంలో వాటిని జాకెట్లు అని రాశారు కదా అని, నేనూ గంభీరంగా ప్రకటించాను.

"రేపట్నుంచి ఆడవాళ్లందరూ తప్పనిసరిగా జాకెట్లు వేసుకునే డ్యూటీకి రావాలి. వేసుకోకుండా వస్తే గేటు దగ్గరే ఆపేస్తాం."

వరస చివర్నుంచి ఒక గొంతు తాపీగా లేచింది.

"ఓలమ్మ! మరి ఇన్నాళ్లూ ఎలాగొచ్చీవోలం బాబూ?"

గేంగు గేంగంతా విరగబడి నవ్వింది. ఒకావిడ నిలబడలేక బొగ్గు కుప్ప మీదే చతికిలబడింది. ఆ గొంతు అప్పది. ఆ రోజు నుంచి యార్డులో వాటిని ఎవరూ జాకెట్లు అనలేదు. కోట్లు. నేను కూడా కాగితాల్లో సైతం కోట్లు అనే రాశాను, మేనేజరు ఎర్రసిరాతో దిద్దుతున్నా.

ఆవిడ నోరు ఖాళీగా ఉన్నప్పటి సంగతి అది. నోరు నిండి ఉన్నప్పుడు ఇంకో సంగతి. ఇటు పెద్దవయసు ఆడవాళ్లు కొందరు చుట్టని నిప్పు కొస నోట్లోకి పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు. బొగ్గు యార్డులో అగ్గిపుల్ల కూడా నిషేధం. ఒక ఉదయం నేను గేటు దగ్గర తనిఖీ చేస్తుంటే అప్ప వచ్చి నిలబడింది. ఒక బుగ్గ కొంచెం ఉబ్బి ఉంది.

"చుట్టలూ బీడీలూ ఏం లేవు కదప్పా?"

లేవని అడ్డంగా తలూపింది.

"హెల్మెట్టు?"

వేలితో తల మీద టక్కున కొట్టి చూపించింది.

"పేరు?"

నిలువుగా తలూపింది. వెనక నిలబడ్డవాళ్లు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. నేను కాగితం మీద టిక్కు పెట్టి, పేరుకి తలూపడం ఏమిటా అని మళ్లీ తలెత్తేసరికి, ఆవిడ ముక్కులోంచి సన్నగా పొగ వచ్చింది.

పట్టుబడ్డాక చుట్ట తీసి, గేటు రాయి మీద నలిపి ఆర్పి, నన్నే కేకలేసింది. "నిప్పు బైటుంటే గదా బొగ్గుకి భయం? నోట్లో ఉన్న నిప్పుతోటి నీకేటి బాబూ నొప్పి?" రూల్సు పుస్తకంలో నోటి లోపలి నిప్పు గురించి ఏమీ లేదు. తుమ్మొస్తే ఒక్క రవ్వ చాలు, కుప్పంతా అంటుకుంటుందని మాత్రం చెప్పాను. మర్నాటి నుంచి చుట్ట గేటు బయటే ఆర్పేసి, గోడ పగుల్లో దాచి లోపలికొచ్చేది. వద్దంటే మానే మనిషే. ఎందుకు వద్దో చెబితే చాలు.

ఇంక ఉతకడం. ఇది నా వల్లే మొదలైంది.

నా కోటు నేను ఎప్పుడూ ఉతకలేదు. బ్రహ్మచారి గదిలో ఉతకాల్సినవాటి జాబితాలో అది చివర ఉండేది, జాబితా ఎప్పుడూ చివరి దాకా వచ్చేది కాదు. ఒక శనివారం అప్ప నా ముందు నిలబడి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఇప్పు."

"ఏంటప్పా?"

"కోటిప్పు. ఆఫీసు బాబువి, బొగ్గులో పొర్లిన దున్నలాగున్నావు. సూసినోలు మమ్మల్నేటంతారు?"

ఇప్పించుకుని పట్టుకుపోయింది. సోమవారం తెచ్చి చేతిలో పెట్టింది. పండిన దోసకాయలా ఉంది కోటు. సబ్బు వాసన, ఎండ వాసన. మడత కూడా పెట్టెలోంచి తీసినట్టుంది. ఇది చూసి గేంగులో ఒకడు తనదీ ఇచ్చాడు. తర్వాత ఇంకొకావిడ. నెల తిరిగేసరికి, సెలవు ముందురోజు పద్నాలుగు కోట్లూ నాదీ ఎరువుల గోనెలో కుక్కి, నెత్తిన పెట్టుకుని కంచరపాలెం కొండ కింద తన ఇంటికి నడిచేది. చాకలి సోడా నీళ్లలో నానబెట్టి, పీచు బ్రష్షుతో ఒక్కొక్క పట్టీ తోమి, కుళాయి దగ్గర బండ మీద బాది ఆరేసేది. పట్టీ మీద బొగ్గు మరక తొందరగా పోదట. "దాన్ని తోమీసరికి సేతులు పడిపోతాయి బాబూ" అని చెబుతూ, ఆ మాట గొప్పగానే చెప్పేది. చెయ్యమని ఎవరూ అనలేదు. ఏమీ పుచ్చుకునేది కాదు. సోమవారం గేటు దగ్గర మాత్రం ఒక్కొక్కరి కాలరూ తిరగేసి చూసే హక్కు తనకే ఉండేది. ఎవడైనా కోటు తోటి చెయ్యి తుడుచుకుంటే, ఆ పూట వాడి తాత ముత్తాతలకి కూడా స్నానం అయిపోయేది.

ఎందుకప్పా ఇంత కష్టం అని ఒకసారి అడిగాను. చీపురు ఆపకుండానే చెప్పింది.

"బొగ్గు పనోల్లని ఎవుడు సూత్తాడు బాబూ? నల్లటి కాడ నల్లగుంటే నువ్వు మనిసివని ఎవుడికి తెలుత్తాది? సుబ్బరంగుండాల. సుబ్బరంగుంటే ఎంతటోడైనా సూసి తీరాల."

మా సేఫ్టీ పుస్తకం నూట అరవై పేజీల్లో చెప్పింది కూడా ఇంతే కదా అనుకున్నాను. ఆ నెల రిపోర్టులో దాన్ని కొంచెం ఇస్త్రీ చేసి నా మాటగా రాసుకున్నాను. మేనేజరు బాగుందన్నాడు.

ఇంకోటి చెప్పాలి. పోర్టు రోడ్డు మీద లారీలకి అంతుండదు. గేంగు ఇంటి దగ్గర్నుంచే కోట్లు తొడుక్కుని, అప్ప ముందు, మిగతావాళ్లు వెనక, ఒక వరసలో నడిచి వచ్చేవాళ్లు. రోడ్డు దాటేచోట అప్ప కుడి చెయ్యి చాచి, అరచెయ్యి లారీ మొహాన పెట్టినట్టు పెట్టి, "ఆగు నాయనా, ఆగు, పిల్లలున్నారు" అనేది. ఆ పిల్లల్లో ఇద్దరికి మనవలున్నారు. లారీలు ఆగేవి. హారను కొట్టేవి కాదు.

మూడేళ్లో నాలుగేళ్లో ఇలాగే నడిచింది. ఒకసారి పై ఆఫీసు నుంచి పెద్దాయన ఒకరు తనిఖీకి వచ్చి, గేంగుని చూసి ఆగిపోయారు. బొగ్గు యార్డులో ఇంత శుభ్రమైన కోట్లు తానెక్కడా చూడలేదన్నారు. ఫొటో తీయించారు. "మేం ప్రత్యేక శ్రద్ధ తీసుకుంటామండీ" అన్నాను. ఆ 'మేం'లో అప్ప ఉందో లేదో నేనప్పుడు ఆలోచించలేదు. ఫొటోలో ఆవిడ ఉంది, చివర్న. నేను మధ్యలో ఉన్నాను.

తర్వాత చలికాలంలో ఒకరోజు పరవాడ వైపు నుంచి వచ్చే డంపర్ డ్రైవరు ఒకతను నా గదికొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, నిన్న పొద్దుగుంకినప్పుడు బండి ఎనక్కి తీత్తన్నాను. అద్దంలో ఏటీ నేదు. ఎవులో కేకేసినారు, ఆపీసినాను. దిగి సూత్తే మీ గేంగు మనిసి, చక్రానికి ఇంత దూరం." రెండు చేతుల మధ్య మూరెడు చూపించాడు. "మీ కోట్లు పగలు సూత్తే పెల్లిబట్టల్లాగుంతాయి సార్. లైటు పడితే మాత్రం గోడ. ఏటీ ఎలగదు."

మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్లాక సామాన్ల షెడ్డులోకి వెళ్లి తలుపులు మూశాను. కవరు విప్పని కోటు ఒకటి మిగిలి ఉంటే తీసి మేకుకి తగిలించాను. పక్క మేకుకి నాది. అప్ప ఉతికిందే. చీకట్లో ఫోను లైటు వేశాను. కొత్తదాని పట్టీలు కళ్లల్లో గుచ్చుకున్నాయి. నాది వెలగలేదు. దగ్గరికెళ్లి లైటు ఆనించి చూశాను. శుభ్రమైన, ముచ్చటైన, మామూలు గుడ్డ. సబ్బు వాసన వస్తోంది.

కవరు మీద చిన్న చిన్న బొమ్మలున్నాయి. ఒక బ్రష్షు బొమ్మ, దాని మీద కొట్టివేత. పట్టీల మీద కంటికి కనపడనంత గాజుపూసలు ఉంటాయనీ, లైటుని తిప్పి కొట్టేవి అవేననీ, గట్టిగా తోమితే రాలిపోతాయనీ కింద రాసి ఉంది. నాలుగేళ్లుగా ఆ కవర్లు చింపి పారేస్తున్నది నేనే. సేఫ్టీ అసిస్టెంటుని. చదువుకున్నవాణ్ణి.

పదిహేను రోజుల్లో కొత్త కోట్లు తెప్పించాను. అంతవరకు సాయంత్రం పొద్దుగుంకాక గేంగుని డంపర్ల దారిలోకి పంపలేదు. అంతవరకూ బాగానే చేశాను. మిగిలింది ఒక్కటే పని. వీటిని కూడా తోమకుండా చూడాలి. అప్పతో చెప్పాలి.

చెప్పడానికే వెళ్లాను. మధ్యాహ్నం కన్వేయరు నీడలో కూర్చుని అన్నం తింటోంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. ఎండు మెత్తళ్ల వేపుడు కొంచెం తీసి నా చేతిలో పెట్టింది.

"అప్పా, ఆ కోట్లు..." అన్నాను.

"ఏటి, పట్టీ తెల్లగా రానేదా? మొన్న నీల్లు తక్కువొచ్చినాయి బాబూ. ఈపాలి రెండు దపాలు తోముతాన్లే."

మెత్తళ్లు బాగున్నాయని చెప్పి లేచి వచ్చేశాను. ఆవిడ మూడు నాలుగేళ్ల సెలవు రోజులన్నీ కుళాయి దగ్గర గడిపిన మనిషి. నువ్వు ఉతికిన కోటు వేసుకునే మొన్న మీవాడు చక్రం కిందికి పోబోయాడు అని ఎలా చెప్పడం? ఎలాగోలా చెప్పొచ్చు. ఇప్పుడు నాలుగైదు రకాలుగా తోస్తోంది. అప్పుడు తోచింది ఒక్కటే. గదికొచ్చి కాగితం మీద రాసి గోడకి అంటించాను. 'తనిఖీ కారణముగా కొత్త కోట్లు షెడ్డులోనే ఉంచవలెను. ఇంటికి తీసుకొని వెళ్లరాదు.' మంచి దస్తూరీతో రాశాను. రూలు గేంగుకి మాత్రమే.

సాయంత్రం అప్ప నా బల్ల ముందుకొచ్చింది.

"గోడకేటో అంటించీసినావంట?"

"కోట్లు ఇక్కడే పెట్టి వెళ్లాలప్పా. ఉతకడం ఇకనుంచి కంపెనీ చూసుకుంటుంది."

"కంపెనీకి సేతులున్నాయేటి?"

"మిషన్లో వేస్తారు."

"ఎన్నాల్లకోపాలి?"

"నెలకి."

"నెలకోపాలా! నెల్లాల్లు ఆ మసితోటే తిరగాలేటి? మరి రోడ్డు మీద ఎలాగెల్తాం, ఉత్త సొక్కాల్తోటా?"

"పైనుంచి ఆర్డరు" అన్నాను. నా పైన ఉన్నది ఫ్యాను ఒక్కటే.

అప్ప కొంగుతో బల్ల అంచు తుడిచింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"నాను సరిగ్గా ఉతకటం నేదని ఎవులైనా అన్నారేటి బాబూ?"

"అబ్బెబ్బే."

"ఏటైనా ఉంటే సెప్పీ. సెబితే మానుకుంతాను. నానేటీ అనుకోను."

మాట నోటిదాకా వచ్చింది. నిప్పుని నోట్లో దాచుకోవడం ఆవిడకొక్కదానికే వచ్చనుకునేవాణ్ణి.

"మీరు చాలా బాగా ఉతుకుతారప్పా. అందరూ అంటారు."

ఆవిడ మొహం తేటపడింది. "అయితే ఇంకేటి. ఒగ్గీమంటే ఒగ్గీసినట్టే" అని కోటు విప్పి, మడత పెట్టి, షెడ్డులో మేకుకి తగిలించి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్న వచ్చి తొడుక్కుంది. సాయంత్రం విప్పి తగిలించింది. మొత్తం గేంగూ అంతే. సాయంత్రం డంపర్ల లైట్లు పడ్డప్పుడు పద్నాలుగు మందీ వెలిగేవాళ్లు. ఆ డ్రైవరు దిగి వచ్చి నాకు నమస్కారం పెట్టాడు. నా ఉద్యోగంలో అంత బాగా పనిచేసిన రూలు ఇంకోటి లేదు.

ఎనిమిదో రోజు పొద్దున్న ఆరుగంటల షిఫ్టుకి వస్తూ అప్ప పోయింది.

బాగా మంచు పట్టి ఉంది. నేను గేటు దగ్గరికొచ్చేసరికి గేంగులో ఒకామె ఎదురు పరిగెత్తుకొచ్చి, రోడ్డు వైపు చెయ్యి చూపించింది. వెళ్లాను. అప్ప ముందు నడుస్తోందట. అందరికన్నా ముందు. రోడ్డులోకి దిగి చెయ్యి చాచిందట. లారీ డ్రైవరు కిందికి దిగి రోడ్డు పక్క కూలబడి ఉన్నాడు. "నాకెవరూ కనపళ్లేదు సార్, నాకెవరూ కనపళ్లేదు" అని అదే మాట అంటున్నాడు. కుర్రవాడేం కాదు. నా వయసువాడే.

నేను రోడ్డు మధ్యలో నిలబడ్డాను. ఏం చెయ్యాలో తెలియలేదు. కాసేపటికి గమనించాను. లారీలన్నీ అంత దూరంలోనే వేగం తగ్గించి, నన్ను తప్పించుకుని, నా పక్కనుంచి నెమ్మదిగా వెళుతున్నాయి. నా ఒంటి మీద కొత్త కోటు ఉంది. నేను ఇంటికి తీసుకెళ్లొచ్చు. మంచులో కూడా నన్ను అందరూ చూస్తున్నారు.

ఆఫీసులో మేనేజరు అడిగాడు. "గేటు బయటే కదా?"

"బయటేనండి."

"షిఫ్టు మొదలవలేదు కదా?"

"లేదండి."

"అయితే మన కింద రాదు" అన్నాడు. రాదన్నాను. హాజరు పుస్తకంలో ఆ రోజు ఆవిడ పేరుకి ఎదురుగా గైర్హాజరు వేశాను. ఏడుపు వస్తుందేమో అని చూశాను. రాలేదు. మధ్యాహ్నం ఆకలేసింది. సాయంత్రం గోడ మీది కాగితం చింపేసి, కోట్లు ఇళ్లకి తీసుకెళ్లొచ్చనీ, బ్రష్షు వాడొద్దనీ, ఎందుకు వాడొద్దో కూడా గేంగుకి నోటితో చెప్పాను. అయిదు నిమిషాలు పట్టింది. ఒక్కొక్కరూ తమ కోటు తీసుకుని వెళ్లిపోయారు. ఒక కోటు మేకుకి ఉండిపోయింది.

దినాలు అయిపోయాక ఒక మధ్యాహ్నం అప్ప భర్త వచ్చాడు. నేను ఆయన్ని చూడటం అదే మొదలు. మనిషి పొట్టి, మెడలో కొత్త తువ్వాలు. చుట్టాలబ్బాయి ఆటోలో తీసుకొచ్చి గేటు బయట ఆగాడు. గేటు పక్కనే నా గది. కూర్చోమంటే తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"బాబూ, మా ఇంటిదాని సెప్పులిచ్చినారు. కేరేజీ ఇచ్చినారు. కోటు ఇయ్యనేదు. ఆస్పత్రోల్లని అడిగితే మాకు తెల్దన్నారు. పోలీసోల్లు అసలు కోటే నేదంతన్నారు."

"కోటు ఇక్కడే ఉందండి" అన్నాను.

"ఇక్కడా?"

ఆయన లోపలికి ఒక అడుగు వేశాడు.

"నాను కోతలకని ఊరెల్లీసినాను బాబూ. నానెల్లీటప్పటికి బాగుంది. రోజూ కోటు ఏసుకునే ఎల్లీది. తిరిగొచ్చీసరికి..." ఆగాడు. "లారీ వోడు సెప్పినాడంట, కోటు నేదు, అగుపడనేదు అని. ఇప్పుడు మావోల్లందరూ అదే అంతన్నారు. ముసిల్దానికి మతిపోనాది, కోటు మరిసిపోయి రోడ్డెక్కీసినాది అని. మతిపోయిన దాన్ని ఒగ్గీసి ఎలాగెల్లినావని నా కూతురు నాతో మాటాడ్డం నేదు. గేంగోల్లని అడిగితే ఆఫీసుని అడగమన్నారు. నువ్వు రోజూ సూసినోడివి. సెప్పు బాబూ. మరిసిపోనాదా?"

"లేదండి" అన్నాను. "మరిచిపోలేదు. కోట్లు ఇక్కడే పెట్టి వెళ్లాలని రూలు పెట్టాం. మేం కాదు, నేనే పెట్టాను. ఉత్త చొక్కాలతో రోడ్డు మీద ఎలా వెళ్తామని ఆవిడ అడిగింది కూడా. నేనే వినలేదు."

చెప్పి, బల్ల మీద రెండు చేతులూ ఆనించి ఉంచాను. ఆయన ఏం చేసినా కదలకూడదనుకున్నాను.

"నువ్వా?"

"నేనేనండి."

"రూలా?"

"అవును."

ఆయన ఊపిరి వదిలాడు. పొడుగ్గా వదిలాడు. తువ్వాలు తీసి మొహం, మెడ తుడుచుకున్నాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"అదీ. అలాగ సెప్పు. నాను అనుకుంతనే ఉన్నాను. అది మరిసీ మనిసి కాదు బాబూ. దేన్నీ మరవదు. ముప్పై ఏల్ల కిందట నానన్న మాట మొన్న కూడా అప్పజెప్పినాది."

షెడ్డులోంచి కోటు తెచ్చి ఇచ్చాను. ఒళ్లో పెట్టుకుని, పట్టీ మీద బొటనవేలితో ఒకసారి రాసి, మళ్లీ నాకే ఇచ్చేశాడు.

"కొత్తది లాగుంది. ఉంచు. ఇంకెవులికైనా పనికొత్తాది."

ఆ రూలు ఎందుకు పెట్టావని అడుగుతాడని చూశాను. అడిగితే ఈసారి మొత్తం చెప్పేసేవాణ్ణి, తోమడం దగ్గర్నుంచి. ఆయన అడగలేదు. లేచి, నాకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. వచ్చినప్పటికన్నా వేగంగా గేటు దాటాడు. ఆటోలో కుర్రాడు ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు. ఆయన ఇంకా దగ్గరికి వెళ్లకుండానే కేకేశాడు.

"ఒరే! మరిసిపోనేదంటరా! ఆఫీసోల్లే ఒగ్గీసి ఎల్లమన్నారంట!"

"నాను సెప్పనేదేటి మావా?"

"ఫోను కలుపు. మా కూతురు గుంటకి కలుపు. ఇప్పుడే సెప్పాల."